సవరణ: స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ దీపం గురించి

మిన్నెసోటాలో సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్‌ని 1975లో ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ ఓడ మునిగాక కట్టారని, రోజూ రాత్రి వెలుగుతుందని మొన్న రాశాను. రెండూ తప్పే. దాన్ని నిర్వహించే రాష్ట్ర చారిత్రక సంఘం సమాచారం ప్రకారం, 1905 నవంబరు తుఫానులో చాలా ఓడలు దెబ్బతిన్నందుకు కట్టింది అది, 1910లో వెలిగింది. అప్పటికి అక్కడికి రోడ్డే లేదు, సామానంతా పడవల్లో తెచ్చి కొండమీదికి క్రేన్‌తో ఎత్తారు! 1969లోనే, అంటే ఫిట్జెరాల్డ్ మునగకముందే, దీపం ఆపేశారు. ఇప్పుడు ఏటా నవంబరు 10న ఆ ఓడలో పోయిన 29 మంది పేర్లు చదివి దీపం వెలిగిస్తున్నారు. వెలుగు చూడ్డానికే వెళ్లేవాళ్లు ఆ తేదీకి పెట్టుకోండి, చలికి సిద్ధపడి.