యాభై పైసల బోణీ

చెన్నై ఇంకా మద్రాసుగా ఉన్న 1982లో పట్రీషియా నారాయణ్ గారు మెరీనా తీరంలో తినుబండారాల బండి పెట్టిన తొలినాడు అమ్ముడుపోయినది ఒకే ఒక్క కాఫీ. చేతికొచ్చినది 50 పైసలు. ఏడుపుముఖంతో ఇల్లు చేరిన కూతురిని, ఒక్కటైనా అమ్మావు కదా అని తల్లి ఊరడించిందట. మర్నాటి అమ్మకం 600 రూపాయలు దాటింది. ఆపైన కార్యాలయాల క్యాంటీన్లు, 2006లో సందీఫా రెస్టారెంటు, దాని శాఖలు, 2010లో దేశంలోని వాణిజ్య, పారిశ్రామిక సంఘాల సమాఖ్య ఫిక్కీ వారి మహిళా పారిశ్రామికవేత్త పురస్కారం వచ్చాయి.

ఇంత కథలో మా పిన్ని మనసున నాటుకున్నది ఆ ఒక్క కాఫీయే. బండి పెట్టకముందు ఆవిడ ఇంట్లో పచ్చళ్లు, జామ్‌లు చేసి అమ్మిన సంగతిగానీ, తీరంలో చోటు కోసం ప్రజాపనుల శాఖ చుట్టూ ఏడాదిపాటు తిరిగిన సంగతిగానీ పిన్ని లెక్కలోకి రాలేదు. ఒక్క కాఫీ అమ్మితే తక్కినవి వాటంతటవే వస్తాయని నిశ్చయించుకుని, ఒక ఆదివారం సాయంత్రం విజయవాడలోని తమ అపార్టుమెంటు సెల్లారులో, స్కూటర్లకూ నీళ్ల మోటారుకూ నడుమ బల్ల వేసి, ఫిల్టరు నిండా డికాషను దింపి, కట్‌లెట్లను గోపురంలా పేర్చుకుని కూర్చుంది.

జనం రాకపోలేదు. మూడో అంతస్తు మామ్మగారు కట్‌లెట్‌లో ఉల్లి ఉందా అని అడిగి, ఉందని తెలిసి, ఉల్లి లేకుండా ఎలా చేయాలో పావుగంట కనుక్కుని వెళ్లిపోయారు. అసోసియేషన్ కార్యదర్శి వచ్చి, సెల్లారులో వ్యాపారానికి తీర్మానం కావాలనీ, తీర్మానానికి సర్వసభ్య సమావేశం కావాలనీ, ఆ సమావేశానికి కోరం ఎన్నడూ కుదరలేదనీ విన్నవించి, షుగరుందంటూ కాఫీ కూడా వద్దన్నారు.

చీకటి పడ్డాక, బోణీ కాకుండా బల్ల ఎత్తడం అశుభమని బాబాయిని పిలిపించింది. ఆయన కాఫీ తాగి, పద్ధతిగా ఫోను తీసి, బల్లకు అతికించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేశాడు. పిన్ని ఫోనుకు బ్యాంకు ఖాతా జతచేసి లేనందున ఆ కోడ్ కూడా బాబాయిదే. సొంత ఖాతాకే చెల్లింపు కుదరదని యాప్ మొరాయించింది. జేబులో చూస్తే 500 నోటు. పిన్ని దగ్గర చిల్లర లేదు. ఇంటికెళ్లి చూసుకుందామని ఆయన అన్నాడు గానీ, వ్యాపారంలో మొగుడూ పెళ్లాల వరసలు పనికిరావని పిన్ని కొత్త పద్దుపుస్తకం తెరిచి, మొదటి పుటలోనే ఆయన పేర బాకీ రాసి సంతకం పెట్టించుకుంది.

ఆ కాఫీలో చక్కెర పడలేదు గనుక బాకీ చెల్లదని బాబాయి వాదన. వ్యాజ్యం ఇంకా నడుస్తోంది.