నోడ్‌లు లెక్కపెట్టి షేడర్ బరువు చెప్పకండి

కడపలో గేమ్ ఆర్ట్ నేర్చుకుంటున్న పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అది షేడర్ల గురించి, అంటే గేమ్‌లో వస్తువుల ఉపరితలం ఎలా కనిపించాలో లెక్కకట్టే చిన్న ప్రోగ్రాముల గురించి. వాటిని కోడ్‌గా రాయొచ్చు, లేదా నోడ్‌లనే చిన్న పెట్టెలని వైర్లతో కలిపి గ్రాఫ్‌గా చేయొచ్చు. అందులో మూడు మాటలున్నాయి: నోడ్స్‌తో చేసిన షేడర్ చేత్తో రాసిన కోడ్ కంటే స్లో, నోడ్‌లు ఎక్కువైన కొద్దీ గేమ్ బరువెక్కుతుంది, లెక్కలు రానివాళ్లే నోడ్స్ పట్టుకుంటారు. ఇది చదివి ఒక అమ్మాయి మూడు వారాలు కూర్చుని నోడ్‌లతో చేసిన మెటీరియల్‌ని (వస్తువుకి తొడిగే ఉపరితలాన్ని) డిలీట్ చేసేసింది. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

మొదటి మాట తప్పు. అన్‌రియల్ అనే గేమ్ ఇంజిన్‌లో నోడ్‌లు కలిపి అప్లై నొక్కితే, ఇంజిన్ ఆ గ్రాఫ్‌ని హెచ్ఎల్ఎస్ఎల్ అనే షేడర్ భాషలో కోడ్‌గా మార్చి కంపైల్ చేస్తుంది. వేరే ఇంజిన్లయిన యూనిటీలో షేడర్ గ్రాఫ్, గోడోలో విజువల్ షేడర్ కూడా గ్రాఫ్ నుంచి కోడే తయారుచేస్తాయి. వైర్లు ఎడిటర్‌లోనే ఉండిపోతాయి, బొమ్మని గీసే చిప్ జీపీయూకి అవి కనిపించవు. పైగా అన్‌రియల్‌లో మామూలు నోడ్‌లతో అయ్యే పనిని కస్టమ్ నోడ్‌లో కోడ్‌గా రాస్తే, మారని అంకెల లెక్కను ఇంజిన్ ముందే తేల్చిపెట్టే వీలు పోయి ఇన్‌స్ట్రక్షన్లు (జీపీయూ చేయాల్సిన అడుగులు) పెరగొచ్చు. లూప్ అవసరమైన చోట మాత్రం కోడే మేలు.

రెండో మాట ఇంకా ఎక్కువ నష్టం చేస్తోంది, ఎందుకంటే వినడానికి నిజంలా ఉంటుంది. ఆ అమ్మాయి చేసింది మన నల్ల నాపబండ మెటీరియల్. ముప్పైకి పైగా నోడ్‌లు. చాలావరకు కూడికలు, గుణకారాలు, లెర్ప్‌లు (రెండు విలువలని కావాల్సిన పాళ్లలో కలపడం). జీపీయూకి అవి పెద్ద పని కాదు. పక్కనే ఇంకో అబ్బాయి గ్రాఫ్‌లో ఆరే నోడ్‌లు, కానీ వాటిలో ఒకటి లెవెల్స్ (పొరలు) బాగా పెంచిన నాయిస్ నోడ్, అంటే చెదురుమదురు మచ్చల నమూనాని లెక్కకట్టే నోడ్. ఆ ఒక్క నోడే ప్రతి పిక్సెల్‌కీ బోలెడు లెక్క చేయిస్తుంది. ఫోన్‌లో ఆగి ఆగి నడిచింది అబ్బాయి సీనే. ఆ నాయిస్‌ని ఒక గ్రే టెక్స్చర్‌గా (బొమ్మ ఫైలుగా) బేక్ చేయించాను, అంటే ముందే లెక్కకట్టి దాచిపెట్టించాను. మరకలు, అంచుల అరుగుదల, తడి ఎక్కడెక్కడ కనిపించాలో చెప్పే మాస్కులు మూడింటినీ ఒకే టెక్స్చర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లలో పెట్టించాను. మూడుసార్లు చదవాల్సింది ఒక్కసారితో సరిపోయింది.

చూడ్డానికి చిన్నగా ఉండి ఖర్చు పెట్టించేవి ఇంకా ఉన్నాయి. కొండరాళ్లకు వాడే ట్రైప్లానర్ పద్ధతిలో ప్రతి మ్యాప్‌నీ (టెక్స్చర్‌నీ) మూడు దిక్కుల నుంచి మూడుసార్లు చదవాలి. కంపైల్ చేసేటప్పుడే ఆన్ లేదా ఆఫ్‌గా తేలిపోయే స్టాటిక్ స్విచ్‌లు పది పెట్టి అన్ని కలయికలూ వాడితే 1024 షేడర్లు కంపైల్ కావాలి. వీటిని నోడ్‌ల సంఖ్యలో ఎలా పట్టుకుంటారు? స్టాట్స్ విండోలో ఇన్‌స్ట్రక్షన్లు, టెక్స్చర్ శాంపిళ్లు (టెక్స్చర్‌ని చదివిన సార్లు) చూడండి. ఆ తర్వాత అసలు ఫోన్‌లో నడిపి చూడండి.

ఇక లెక్కల మాట. లెర్ప్, డాట్ ప్రొడక్ట్ (రెండు దిశలు ఎంత కలుస్తాయో చెప్పే లెక్క), పవర్ (ఘాతం) లెక్కలు కాక మరేమిటి? ఏటవాలుగా చూసినప్పుడు బండ మెరుపు పెరగడానికి వాడే ఫ్రెనెల్ నోడ్ లోపల ఉన్నది చూపు దిశకూ ఉపరితలం దిశకూ మధ్య డాట్ ప్రొడక్టే. షేడింగ్‌ని చిన్న చిన్న పనుల చెట్టుగా అల్లుకోవచ్చని గ్రాఫిక్స్ పరిశోధకుడు రాబర్ట్ కుక్ 1984లోనే షేడ్ ట్రీస్ అనే పేపర్‌లో చూపించాడు. అది లెక్కలు రానివాళ్ల కోసం పుట్టిన ఆలోచన కాదు.

లెక్కతో పాటు కన్ను కూడా కావాలి. ఆ అమ్మాయి దగ్గర అది ఉంది. వాన పడ్డ బండ అంటే చాలామంది మొత్తం రంగుని ఒకేలా ముదురు చేసి, రఫ్‌నెస్ (గరుకుదనం) తగ్గించి వదిలేస్తారు. పాలిష్ పట్టిన నాపబండ అలా తడవదు. నున్నటి ముఖం ముందే నల్లగా ఉంటుంది కాబట్టి నీళ్లు పడ్డా రంగు పెద్దగా మారదు. పగలగొట్టిన గరుకు అంచు మాత్రం బూడిద రంగు నుంచి ఒక్కసారిగా నలుపుకి తిరుగుతుంది. ఆమె గ్రాఫ్‌లో సగం నోడ్‌లు ఆ తేడా కోసమే ఉన్నాయి.

అమ్మా, పాత ఫైలు బ్యాకప్‌లో ఉందేమో వెతుకు. లేకపోతే మీ వాకిట్లో బండ అంచు మీద చెంబెడు నీళ్లు పోసి, ఆరేదాకా ఫొటోలు తీసి పంపు. తడి మాస్క్ నుంచి మళ్లీ మొదలుపెడదాం.