గీత ఆగితే మనిషిని మార్చేయాలా?

జీడిమెట్లలో షర్టులు కుట్టే యూనిట్‌లో కొత్తవాళ్లకు పని నేర్పడం నా ఉద్యోగం. ఈ నెలలో మా సూపర్‌వైజర్ల వాట్సాప్ గ్రూపుకు ఒకే మెసేజ్ నాలుగుసార్లు వచ్చింది. "ఏ పనైనా 21 రోజుల్లో వస్తుంది. రోజుకు ఎన్ని పీసులు చేశారో గ్రాఫ్ గీయండి. పని రెట్టింపయిన ప్రతిసారీ టైమ్ 20 శాతం తగ్గాలి, ఇది సైన్స్. గీత పైకి పోవడం ఆగిందంటే ఆ మనిషి ఇక నేర్చుకోడు, మార్చేయండి." నాలుగోసారి పంపింది మా మేనేజరే. ఊరుకుంటే రేపు ఇదే రూల్ అవుతుంది.

ముందు ఆ 21 సంగతి. అది ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టిన అంకె కాదు. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయినవాళ్లకు అద్దంలో కొత్త ముఖం అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. నోళ్లు మారేసరికి 'కనీసం' రాలిపోయింది, ముఖం కాస్తా కుట్టుమిషన్ అయింది. 2010లో లండన్ పరిశోధకులు చూస్తే భోజనంతో ఒక పండు తినడం లాంటి చిన్న అలవాట్లకే మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పడుతుందని తేలింది.

20 శాతం మాటకు మాత్రం ఆధారం ఉంది. టి.పి. రైట్ అనే విమాన ఇంజనీరు 1936లో అచ్చేసిన లెక్క అది: తయారైన విమానాల సంఖ్య రెట్టింపయినప్పుడల్లా ఒక్కోదానికి పట్టే సగటు పనిగంటలు 80 శాతానికి దిగుతాయి. అయితే అది మొత్తం కర్మాగారం లెక్క. అందులో పనిముట్లు మెరుగుపడటమూ కలిసే ఉంది. దాన్ని తెచ్చి ఒక్క మనిషి చేతులకు కట్టడమేమిటి?

పోనీ, అలాగే కడదాం. మొదటి కాలర్‌కు 10 నిమిషాలు పట్టిందనుకోండి. రెండు కుట్టేసరికి సగటు 8, నాలుగుకు 6.4, ఎనిమిదికి 5.1. ఇంతా గంటలోపే! అదే 1,000 కాలర్లు కుట్టినావిడకు ఇంకో 20 శాతం తగ్గాలంటే మరో 1,000 కుట్టాలి. ఆ తర్వాత 2,000, ఆపైన 4,000. రోజుల లెక్కన గీస్తే గీత చదునవ్వక ఏం చేస్తుంది? మెసేజ్ రాసినవాళ్లు తాము చెప్పిన సూత్రాన్నే ఒకసారి గుణించి చూసుకున్నట్టు లేదు.

ఇక గీత ఆగితే నేర్పు ఆగినట్టే అన్న మాట. 1897లో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు పరిశోధకులు టెలిగ్రాఫ్ నేర్చుకునేవాళ్ల వేగాన్ని వారం వారం కొలిచారు. సందేశం విని రాసుకునే వేగం వారాల తరబడి కదలకుండా ఉండి, మళ్లీ లేచింది. 1959లో క్రాస్‌మన్ అనే పరిశోధకుడు చూపించిన చుట్టలు చేసేవాళ్లయితే లక్షల చుట్టలు చేశాక కూడా ఇంకా వేగం పుంజుకుంటూనే ఉన్నారు.

ఈ తప్పు నేనూ చేశాను. మూడేళ్ల కిందట ఒకమ్మాయి పదహారో రోజు నుంచి రోజుకు 110 కాలర్ల దగ్గరే ఆగిపోయింది. గ్రాఫ్ ముందు పెట్టి "నీకు ఇది రావట్లేదమ్మా" అన్నాను. "బండిల్ వస్తే కదా మేడమ్ కుట్టేది" అంది. బండిల్ అంటే కుట్టడానికి వచ్చే ముక్కల కట్ట. సాకు అనుకుని దారాలు కత్తిరించే పనిలో వేశాను. ఆమె మిషన్‌పై కూర్చున్న ఇంకో అమ్మాయి కూడా అదే 110 దగ్గర ఆగాక స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన నిలబడ్డాను. కుట్టడం చకచకా సాగుతోంది. గంటలో పదిహేను నిమిషాలు మాత్రం ఖాళీ చేతులతో ఫ్యూజింగ్ వైపు చూస్తూ కూర్చుంటోంది. అక్కడ కాలర్లకు గట్టి గుడ్డ అతికించే ప్రెస్ దగ్గర ఒక్కడే మనిషి. అన్నాళ్లూ నేను గీసింది ఆ ప్రెస్ గ్రాఫ్.

బ్యాచ్ సగటు గీతతో ఒక్కొక్కరినీ పోల్చడం ఇంకో తంటా. ఒకరికి ఐదో రోజు చెయ్యి తిరుగుతుంది, ఇంకొకరికి పద్దెనిమిదో రోజు. అందరినీ కలిపి సగటు తీస్తే వచ్చే నున్నటి గీత ఎవరిదీ కాదు. వేగం ఒక్కటే కొలిస్తే ఆల్టరేషన్‌కు తిరిగొచ్చిన పీసులూ నేర్పు ఖాతాలోనే పడతాయి.

ఇప్పుడు నా షీట్‌లో ఒక్కో పీసుకు పట్టిన టైమ్, తిరిగొచ్చిన పీసులు, బండిల్ కోసం ఆగిన నిమిషాలు వేర్వేరు గళ్లలో ఉంటాయి. మూడో గడి కుట్టేవాళ్లే నింపుతారు. అది చూపించాకే ఫ్యూజింగ్ దగ్గర రెండో మనిషిని వేశారు. ఆ మొదటి అమ్మాయి అప్పటికే షాపూర్‌నగర్ వైపు ఇంకో యూనిట్‌కు వెళ్లిపోయింది. కాలర్లే కుడుతోందట.