బండకు తగ్గ బండి

పర్లాకిమిడి పట్టణం భారీ నిర్ణయాలకు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు ఇక్కడి జమీందారీని రెండుగా చీల్చి, గీతకు ఇవతల ఏ ఊళ్లు ఉండాలో, అవతల ఏవి ఉండాలో పెద్దలు తేల్చేశారు. ఆ గీత పుణ్యమా అని మేము కాగితాల మీద ఒడియా రాస్తూ, కాగితాలు ఇచ్చేవారిని తెలుగులో విసుక్కుంటూ హాయిగా బతుకుతున్నాం. గీతకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం వెళ్లి టీ తాగి వస్తే మాకది అంతర్రాష్ట్ర ప్రయాణం. అంతటి చరిత్ర గల ఊరు ఈ మధ్య ఒకే ఒక్క ప్రశ్న దగ్గర చతికిలబడింది. రిమోట్‌తో నడిచే రాక్ క్రాలర్ కొనాలంటే ఏ సైజు కొనాలి?

తాగునీరు, మురుగు కాలువలు, దోమలు వంటి చిల్లర విషయాలు ఎప్పుడూ ఉండేవే. వాటిని కాసేపు పక్కన పెట్టి ఈ మౌలిక సమస్యను చర్చించకపోతే భావితరాలు మనల్ని క్షమించవు.

తెలియనివారి కోసం ఒక మాట. రాక్ క్రాలర్ అంటే పిల్లలు హాల్లో సోఫా కాళ్లకు గుద్దే రిమోట్ కారు కాదు. ఇది బాధ్యత గల పెద్దల వస్తువు. నాలుగు చక్రాలనూ మోటారే తిప్పుతుంది, గేర్లు మాత్రం బండిని పరిగెత్తనివ్వవు. మనిషి నడక కంటే తక్కువ వేగంతో రాయి మీదికి పాకుతుంది, జారుతుంది, వెనక్కి వస్తుంది, పక్కనుంచి మళ్లీ పాకుతుంది. ఒక్క రాయి దాటడానికి అరగంట పట్టినా యజమాని ముఖంలో విసుగు కనిపించదు. అదే మనిషి బ్యాంకులో టోకెన్ పట్టుకుని ఐదు నిమిషాలు కూర్చోవలసి వస్తే దేశం ఎటుపోతోందని అడుగుతాడు.

సైజులు ప్రధానంగా నాలుగు: ఒకటి బై 24, ఒకటి బై 18, ఒకటి బై 10, ఒకటి బై 6. అసలు వాహనాన్ని అన్నో వంతుకు కుదించారని అర్థం. అనర్థం కూడా ఇక్కడే మొదలైంది. మందుల షాపు బావగారు పదికి రెట్టింపు కంటే పెద్దది కదా అని 24కి ఆర్డర్ పెట్టారు. పార్సిల్ విప్పితే అరచేతిలో ఇమిడేంత జీపు బయటపడింది. ఆయన దాన్ని చాలాసేపు తిప్పి చూసి, తెచ్చిన కుర్రాడిని మర్యాదగా అడిగారు: “నమూనా బాగుంది బాబూ, అసలు బండి ఎప్పుడు వస్తుంది?”

ఆ సాయంత్రం రిటైరైన లెక్కల మాస్టారు షాపుకు వచ్చి విషయం విన్నారు. “హారం పెరిగితే విలువ తగ్గుతుందని ఆరో తరగతిలో నిన్ను గోడకుర్చీ వేయించి మరీ చెప్పాను కదరా!” అన్నారు. బావగారికి గోడకుర్చీ గుర్తుంది, హారం గుర్తులేదు. మన విద్యావిధానం గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

మాస్టారు అక్కడితో ఆగి ఉంటే ఊరు బాగుపడేది. ఆయన మందుల చీటీ వెనక లెక్క వేయడం మొదలుపెట్టారు. నిజం జీపు బరువు 2,000 కిలోలు అనుకుందాం. పొడవును పదో వంతు చేస్తే బరువు పదో వంతు కాదు, వెయ్యో వంతు అవుతుంది. ఎందుకంటే వెడల్పు, ఎత్తు కూడా పదో వంతులే కదా. అంటే 2 కిలోలు. అదే 24వ వంతు చేస్తే 13,824తో భాగించాలి. మిగిలేది 145 గ్రాములు. మోటారు, బ్యాటరీ కలిసి అసలు బొమ్మ దీనికంటే కొంత బరువే తూగుతుంది గాని, చిన్న బండి రాయిని ఎందుకు గట్టిగా పట్టుకోలేదో ఈ లెక్క చాలావరకు చెప్పేస్తుంది. అందుకే 24 కొన్నవారందరూ నెల తిరగకుండా ఇత్తడి భాగాల వేటలో పడతారు. ఇరుసుల దగ్గర, చక్రాల లోపల ఇత్తడి బిగిస్తే బరువు కిందికి దిగి బండి నిలకడగా ఎక్కుతుంది. చివరికి బండి వెల ఒక ఎత్తు, ఇత్తడి వెల ఒక ఎత్తు. పెళ్లిలో బిందె కొనడానికి బేరమాడిన మనిషి, గోరంత ఇత్తడి ముక్కకు మారుమాట లేకుండా డబ్బు కడుతున్నాడు.

ఇంకో చిక్కు ఉంది. సైజు తగ్గినకొద్దీ బోల్తా పడే వేగం పెరుగుతుంది. 24వ వంతు బండి నిజం జీపు కంటే దాదాపు ఐదు రెట్లు త్వరగా పల్టీ కొడుతుంది. అది తలకిందులయ్యాక గాని మన బొటనవేలికి వార్త అందదు. ఆరో వంతు బండికి ఈ తేడా రెండున్నర రెట్ల లోపే. అందుకే పెద్దది కొండెక్కుతుంటే అసలు జీపు ఊగినట్టే నింపాదిగా ఊగుతుంది, చిన్నది బొద్దింకలా ఉలిక్కిపడుతూ ఎక్కుతుంది. వీడియో తీసుకుని బంధువులకు పంపే ఉద్దేశం ఉన్నవారు ఈ సంగతి ముందే గమనించాలి.

అయినా చిన్నదాని పక్షాన గట్టిగా మాట్లాడవలసిందే. బండి సైజు తగ్గితే లోకం సైజు పెరుగుతుంది. పిడికిలంత రాయి, అంటే ఎనిమిది సెంటీమీటర్లది తీసుకోండి. ఆరో వంతు బండికి అది మోకాలెత్తు అడ్డంకి. పదో వంతు దానికి సుమారు నడుమెత్తు. 24వ వంతు దానికి అదే రాయి ఆరడుగులు దాటిన కొండచరియ. పరశురాముడు తపస్సు చేసుకుంటున్నాడని చెప్పుకునే మా మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. 24తో గుణిస్తే 36 కిలోమీటర్లు దాటుతుంది, నాలుగు ఎవరెస్టులు ఒకదాని మీద ఒకటి పేర్చినా అందదు. గజపతి జిల్లాకు ఇంతటి గౌరవం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు, ఒక బొమ్మ ఇచ్చింది.

పైగా అంత దూరం వెళ్లనక్కరలేదు. ఆక్సియల్ వారి ఎస్‌సీఎక్స్ 24 వంటి బండికి ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 13 సెంటీమీటర్లే. దానికి గుమ్మం దగ్గరి చెప్పుల గుట్ట ఒక కనుమ, సన్నికల్లు ఒక పీఠభూమి, మడత పెట్టని దుప్పటి తూర్పు కనుమలు. వర్షాకాలంలో కూడా ఆట ఆగదు. దీనికి శత్రువులు రెండే: నేల మీద రాలిన తల వెంట్రుక, కొబ్బరి పీచు. రెండూ ఇరుసుకు చుట్టుకుని చక్రాన్ని కదలనివ్వవు. యాభై ఏళ్ల గృహస్థు పట్టకారు పుచ్చుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఇరుసు నుంచి వెంట్రుక లాగుతూ ఇల్లు సరిగ్గా ఊడవడం లేదని గొణుగుతున్నాడంటే ఆ ఇంట్లో ఈ సైజు ఉన్నట్టే. “అంత బాధగా ఉంటే మీరే ఊడవండి” అని వంటింట్లోంచి సమాధానం వస్తుంది. కొందరు ఊడుస్తున్నారు కూడా. స్త్రీ విముక్తికి ఈ బొమ్మ చేసిన సేవను మేధావులు ఇంకా గుర్తించలేదు.

పద్దెనిమిదో వంతు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 2022లో ట్రాక్సాస్ వారు టీఆర్‌ఎక్స్ 4ఎం తెచ్చిన తర్వాత దీనికి మర్యాద పెరిగింది. ఇంట్లోనూ నడుస్తుంది, పెరట్లోనూ నడుస్తుంది. ఎవరినీ నొప్పించదు, కాబట్టి దీని గురించి ఎవరూ పోట్లాడుకోరు. పోట్లాట లేని వస్తువు మీద వ్యాసం ఎలా రాస్తాం?

అసలైన పరువు పదో వంతుది. ప్రపంచమంతా దీన్నే ప్రామాణికంగా తీసుకుంది. విడిభాగాలు, టైర్లు, మోటార్లు, పై తొడుగులు దీనికి దొరికినన్ని మరే సైజుకూ దొరకవు. 2017లో వచ్చిన టీఆర్‌ఎక్స్ 4నే చూడండి. రెండు ఇరుసుల డిఫరెన్షియళ్లనూ, అంటే కుడి ఎడమ చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లనూ, రిమోట్ నుంచే బిగించవచ్చు, వదలవచ్చు. ఒక చక్రం గాలిలో తిరుగుతున్నా మిగతావి రాయిని వదలవు. పొడవు అర మీటరు పైనే. దీని ఎదుట నేలపాలు కాని పెద్దమనిషి లేడు. చక్రం రాయిని ఎక్కడ పట్టుకుందో చూడాలంటే కడుపు నేలకు ఆనించాల్సిందే. బీమా ఏజెంటు, హెడ్ గుమాస్తా, కిరాణా కొట్టు బాబాయి పక్కపక్కన బోర్లా పడుకుని ఉండగా దారిన పోయేవారు అంబులెన్సుకు ఫోను చేయబోయిన సందర్భం ఉంది.

ఈ సైజుకు అసలు ఖర్చు అలంకారం. పైకప్పు మీద వేలెడంత పెట్రోలు డబ్బా, అందులో పెట్రోలు ఉండదు. బొటనవేలంత పార, దాంతో ఏమీ తవ్వలేము. ముందు భాగంలో ఒక వించ్, ఇది మాత్రం నిజంగా పనిచేస్తుంది. దారాన్ని రాయికి కట్టి మీట నొక్కితే బండి తనను తాను పైకి లాక్కుంటుంది. కొండ ఊళ్ల నుంచి సంతకు వచ్చే నిజం జీపు, లోపల పదిహేను మంది, పైన మేకలు, బురదలో కూరుకుంటే లాగడానికి తాడు ఉండదు. బొమ్మకు ఉంది. అభివృద్ధి ముందు నమూనా దశలో వస్తుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

ధర సంగతి ప్రభుత్వమే చూసుకుంటోంది. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెరిగింది, 2023లో 70 అయ్యింది. స్వదేశీ బొమ్మలను కాపాడటం దీని ఉద్దేశం. గేదె కొమ్ముతో కొంగలు, చేపలు చెక్కే కళాకారులున్న మా పర్లాకిమిడి ఈ విధానాన్ని మనసారా సమర్థిస్తుంది. సమర్థించి, సుంకంతో సహా డబ్బు కట్టి, కొమ్ము కొంగను జరిపి ఆ అలమరలోనే పదో వంతు జీపును పెడుతుంది. కొన్న ధరను ఇంట్లో చెప్పేటప్పుడు కూడా నిష్పత్తి పాటించడం ఇక్కడి ఆచారం. పదో వంతు బండికి పదో వంతు ధర చెబుతారు.

ఇక ఆరో వంతు. 2021లో వచ్చిన ఎస్‌సీఎక్స్ 6 వంటిది. ఇరుసుకూ ఇరుసుకూ మధ్యే అర మీటరు, బరువు చంటిబిడ్డను మించుతుంది. స్కూటర్ మీద తీసుకెళ్లాలంటే వెనక ఒక మనిషి కౌగిలించుకుని కూర్చోవాలి. చిన్న రాళ్లను అసలు గుర్తించదు, మనిషి కూర్చునేంత బండలు చూపించాలి. చక్రం, గేర్ల దగ్గర వేలు పెడితే ఆసుపత్రి ఖర్చు అదనం. దీన్ని దాచడానికి ఏ అలమరా చాలదు కాబట్టి నిజాయతీపరుడికి మాత్రమే తగును. మా ప్రాంతంలో అటువంటి కొనుగోలుదారు దొరకడం కష్టమని ఒక పరిశీలన. ఉన్న ఒకరిద్దరు దాన్ని ముందు గదిలో టీవీ పక్కన పెట్టి, మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పారు. ఏడాదికోసారి, ఆయుధపూజ నాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నాలుగడుగులు నడిపిస్తారు. నిజం చెప్పాలంటే అంత శ్రద్ధగా పసుపు పూయించుకున్న ఆరో వంతు వాహనం లోకంలో మరెక్కడా ఉండదు.

పెద్దదే గొప్ప అనే జబ్బు ఇక్కడ బొమ్మలతో మొదలు కాలేదు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన రైలుమార్గం పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు. తర్వాత గుణుపురం దాకా సాగింది. కొన్ని దశాబ్దాలు మేము దాన్ని బొమ్మ రైలు, బొమ్మ రైలు అని ఈసడించాం. 2011 నాటికి 1,676 మిల్లీమీటర్ల పెద్ద పట్టాలు వచ్చాయి. ప్రయాణికుడి సంగతి అడిగితే పెద్ద రైలే మేలు, అందులో సందేహం లేదు. కానీ అప్పుడు ఈసడించిన నోళ్లే ఇప్పుడు ఆ చిన్న రైలు పాత ఫోటోలు చూసి నిట్టూరుస్తున్నాయి. ఆ నిట్టూర్పులోంచే ఒకటి బై 24 పార్సిళ్లు వస్తున్నాయని నా అనుమానం.

ఇంతకీ ఏది కొనాలి? ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగానే ఉంది. బండి చూసి సైజు నిర్ణయించేవాడు అమాయకుడు, రాయి చూసి నిర్ణయించాలి. ముందు మీకు నడిచి వెళ్లేంత దూరంలో ఎంతేసి రాళ్లున్నాయో చూసుకోండి. మహేంద్రతనయ ఒడ్డుకు రోజూ వెళ్లే ఓపిక ఉంటే పదో వంతు కొనండి. అయితే ఇసుక జాగ్రత్త, బండ కంటే గేర్లను తినేది ఇసుకే. నీటిలో దింపేముందు మీ బండి దానికి తగినదో కాదో చూసుకోండి. ఓపిక లేకపోతే, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన గ్రానైటు ముక్కలు డాబా మీద ఉంటే, చిన్నదే తీసుకోండి. వారానికోసారి బయటికి వచ్చే పెద్ద బండి కంటే రాత్రి భోజనం తర్వాత రోజూ చెప్పుల గుట్ట ఎక్కే చిన్న బండి నయం. లిథియం పాలిమర్ బ్యాటరీని ఛార్జింగులో పెట్టి నిద్రపోవద్దు, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడపవద్దు. ఈ రెండు నియమాలకు మాత్రం సైజు మినహాయింపు లేదు.

మా వీధి చివరి రోడ్డును కూడా వాడుకోవచ్చు. కంకర తేలి, గోతులు పడి, అన్ని సైజులకూ వేర్వేరు మార్గాలతో దానంతట అదే సిద్ధమైంది. ఇటువంటి మైదానం కోసం ఇతర దేశాల్లో డబ్బు ఖర్చు పెట్టి రాళ్లు పేరుస్తారు. సంబంధిత శాఖ పొరపాటున దాన్ని బాగుచేయకుండా చూడాలని క్రీడాభిమానులు ఇప్పటికే కోరుతున్నారు.

సైజు వివాదం తేల్చడానికి గత ఆదివారం మందుల షాపు ముందు ఒక స్థాయీ సంఘం ఏర్పడింది. గీతకు అటువైపు వారికి అన్యాయం జరగకూడదని పాతపట్నం నుంచి కూడా సభ్యులను తీసుకున్నారు. అధ్యక్ష పదవికి పోటీ వచ్చింది, ఉపాధ్యక్షులు ఐదుగురయ్యారు, టీలు రెండు విడతలు తిరిగాయి. చివర్లో ఎవరో లేచి, ఇక్కడున్న వారిలో నిజంగా బండి కొన్నవారు చేతులెత్తండి అన్నారు. బావగారి చెయ్యి ఒక్కటే లేచింది. సభ్యులు మొత్తం ఇరవై నలుగురు. లెక్కల మాస్టారు ఒకసారి చుట్టూ చూసి, నిష్పత్తి సరిపోయిందని మినిట్స్ పుస్తకంలో రాయించారు.