ఓటీపీ చెప్పని కొడుకు

నిన్నటి సంగతి. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి.

నేను పాలియేటివ్ కేర్ నర్సును, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పి తగ్గించి చూసుకునే నర్సును. మంచం దిగలేని క్యాన్సర్ పేషెంట్ల ఇళ్లకు వ్యాన్‌లో వెళ్తాం. ఇన్నాళ్లూ అట్ట చిరిగిన నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. నిన్నటి నుంచి ట్యాబ్. జగిత్యాల వైపు పల్లె, మొదటి ఇల్లు. తాత పేరు కొట్టగానే యాప్ 14 అంకెల ఆభా నంబర్, అంటే ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబర్, అడిగింది. అది ఇష్టముంటేనే తీసుకోవచ్చని ప్రభుత్వమే చెబుతుంది. మా యాప్‌కు ఆ కబురు అందలేదు. నంబర్ లేనిదే నొప్పి పేజీ తెరుచుకోదట.

ఆధార్‌తో తీద్దామంటే ఓటీపీ దుబాయ్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కు పోయింది. అక్కడికి వాట్సాప్ కాల్ కలవదు. ముందు నా ఫోన్‌లో అక్కడ పనిచేసే బోటిమ్ అనే కాలింగ్ యాప్ దించుకోవాలి. ఓటీపీ గడువేమో 10 నిమిషాలు.

వీడియోలో హెల్మెట్ పెట్టుకుని కనిపించాడు, వెనక క్రేన్. "తమ్ముడూ, ఓటీపీ వచ్చిందా?" అన్నాను. ఈ ముక్కతో మాట మొదలుపెట్టే ఆడగొంతును ఈ రోజుల్లో ఎవరైనా నమ్ముతారా? నేనైతే నమ్మను. పోయినేడు మా ఆయన నమ్మాడు. ఆ కథ ఇప్పుడొద్దు.

ఐడీ కార్డు చూపించాను. "అవి బజార్ల దొరుకుతయ్" అన్నాడు. తాతనే చూపించాను. "ఏఐతోని మనిషినే తయారు జేస్తున్నరు." బీపీ మిషన్ ఎత్తి ఊపాను, ఎందుకో నాకే తెలియదు. చివరికి నమ్మకం కుదురుతుందని, "మీ బాపుకు నొప్పికి మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చేది నేనే" అన్నాను. అంతే, మొహం మారింది. "ఇగ పార్సిల్ల డ్రగ్స్ దొరికినయ్, డిజిటల్ అరెస్ట్ అంటవా?"

మూడు నెలలుగా పుండుకు కట్టు కడుతున్నాను కదా, తాతైనా సాక్ష్యం చెబుతాడని ఫోన్ ఆయన దగ్గర పెట్టాను.

"చెప్పకురా కొడుకా! ఓటీపీ ఎవ్వలికీ చెప్పొద్దని ఫోన్ల రోజూ మొత్తుకుంటున్నరు" అన్నాడు తాత. నా మొహం చూసి, "నువ్వు మంచిదానివే బిడ్డా, గా డబ్బా మీదనే నమ్మకం లేదు" అన్నాడు.

గడువు అయిపోయింది. నొప్పి 10కి 6 అని నోట్‌బుక్‌లోనే రాసుకుని వచ్చాను.

సాయంత్రం ఆఫీసు నుంచి సార్ ఫోన్. ఏసీ గదిలోంచి ఎన్నడూ బయటికి రాని సార్. "డ్యాష్‌బోర్డ్‌లో మీరు ఆ ఇంటికి వెళ్లినట్టే లేదమ్మా." నోట్‌బుక్ పేజీ ఫొటో పంపాను. యాప్‌లో అప్‌లోడ్ చేయమన్నాడు.

రాత్రి తొమ్మిదికి బోటిమ్ మోగింది. దుబాయ్. విదేశీ కాల్స్ ఎత్తొద్దని కూడా చెబుతున్నారు కదా. ఎత్తలేదు.