గుర్రం పాతదే, సంచి అందరిదైంది

ఐరోపాలో వార్తల ప్రపంచాన్ని మార్చింది అచ్చుయంత్రమేనని నేను ఈమధ్య చదివిన ఒక వ్యాసం తేల్చేసింది. నేను ఒప్పుకోలేను. జర్మనీలో గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రం మొదలైంది 1450 ప్రాంతంలో. అచ్చయిన వారపత్రిక రావడానికి మాత్రం 1605 దాకా పట్టింది. యంత్రమే కారణమైతే 150 ఏళ్ల ఆలస్యం ఎందుకు?

నా దృష్టిలో అసలు కథ టపాది. 1490లో టాక్సిస్ కుటుంబం ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశం కోసం అక్కడి ఇన్స్‌బ్రుక్ నుంచి నెదర్లాండ్స్‌కు మజిలీల టపా (దారిలో గుర్రాలు మారుస్తూ ఉత్తరాలు చేరవేసే ఏర్పాటు) నడిపింది. 1505 ఒప్పందం ప్రకారం బ్రస్సెల్స్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కు ఉత్తరం వేసవిలో అయిదున్నర రోజుల్లో చేరాలి. టపా సంచి ఏ గంటకు చేరిందో మజిలీల్లో చీటీ మీద రాసేవారు. ఇందులో కొత్త పరికరం ఏముంది? మజిలీకో గుర్రాన్ని మార్చడం ప్రాచీన పర్షియన్లకే తెలుసు. మారిందల్లా ఒకటే: పదహారో శతాబ్దంలో రాజుగారి సంచిలో వర్తకుడి ఉత్తరానికీ చోటు దొరికింది, రుసుము కడితే చాలు. ఫలానా రోజున టపా బయలుదేరుతుందన్న భరోసా కూడా క్రమంగా ఏర్పడింది. ఇంగ్లండ్‌లో మొదటి చార్లెస్ 1635లో రాజటపాను ప్రజలకు తెరిచాడు.

స్ట్రాస్‌బుర్గ్‌కు చెందిన యోహాన్ కరోలుస్‌నే చూడండి. మొదట ఆయన వార్తాలేఖలను చేతిరాత ప్రతులుగా సంపన్నులకు అమ్మేవాడు. వారం వారం టపా వచ్చేది, డబ్బు కట్టి చదివేవాళ్లు అప్పటికే ఉన్నారు. నకళ్లు రాయడానికి చాలా సమయం పడుతోందనే 1605లో అచ్చుకు మారాడు. పాఠకుడు ముందు పుట్టాడు, పత్రిక తరువాత వచ్చింది. ఆ వర్తకులను, లేఖకులను, చలిలో స్వారీ చేసిన టపా రౌతులను నేను చదివిన వ్యాసం ఒక్క వాక్యంలోనైనా తలచుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.