గర్భిణికి జ్వరంతో ఆయాసం వస్తే ఆగకండి

కడుపుతో ఉన్న అమ్మాయికి జ్వరం, దగ్గు వస్తే మన ఇళ్లలో పెద్దలు మొదట అనే మాట: "మందులు వద్దు, బిడ్డకు మంచిది కాదు." ఆయాసం మొదలైతే "నెలలు నిండుతున్నాయిగా, మామూలే" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ రెండు మాటల మధ్య వైద్యానికి అత్యంత విలువైన రెండు రోజులు గడిచిపోతాయి.

గర్భాశయం పెరిగేకొద్దీ ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండి ఊపిరి ఆడించే కండరం) దాదాపు 4 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. ఊపిరి వదిలిన తరువాత ఊపిరితిత్తులలో మిగిలే గాలి సుమారు ఐదో వంతు తగ్గుతుంది, శరీరానికి కావలసిన ఆక్సిజన్ మాత్రం దాదాపు అంతే పెరుగుతుంది. ఇలా నిల్వ తగ్గి, ఖర్చు పెరిగిన సమయంలో ఫ్లూ ముదిరి న్యుమోనియాగా మారితే తల్లి పరిస్థితి గంటలలోనే విషమించవచ్చు. నెలలు నిండకుండానే కాన్పు కావడం, బిడ్డ కడుపులోనే చనిపోవడం వంటి ప్రమాదాలూ పెరుగుతాయి. 2009లో స్వైన్ ఫ్లూ వ్యాపించినప్పుడు అమెరికా జనాభాలో గర్భిణులు సుమారు 1 శాతమే, మరణించినవారిలో మాత్రం దాదాపు 5 శాతం వారే.

మామూలు ఆయాసం వారాల తరబడి మెల్లగా పెరుగుతుంది, దానికి జ్వరం తోడుండదు. జ్వరంతో పాటు ఆయాసం వచ్చినా, మాట పూర్తి చేయలేకపోతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కరోనా కాలంలో కొని బీరువాలో పెట్టిన పల్స్ ఆక్సీమీటరును బయటికి తీయండి. గర్భిణికి ఆక్సిజన్ 95 శాతం కంటే తక్కువ చూపితే తెల్లవారేదాకా ఆగకండి. జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. ఫ్లూ అని వైద్యులు అనుమానిస్తే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ వైరస్ మందు ఇస్తారు, అది లక్షణాలు మొదలైన 48 గంటలలోపు పడితే ఎక్కువ మేలు చేస్తుంది. బిడ్డకు హాని అని ఆ మందును ఆపేవారు, తల్లికి ఊపిరి అందకపోతే బిడ్డకూ అందదని దయచేసి ఆలోచించాలి.

నాకు అసలు కోపం టీకాల విషయంలో. కరోనా టీకాల కార్యక్రమం మన దేశంలో 2021 జనవరి 16న మొదలైంది. గర్భిణులకు అనుమతి వచ్చింది జూలై 2న, అప్పటికి రెండో అల ఉద్ధృతి దాటిపోయింది. మొదటి ప్రయోగాలలోనే వారిని చేర్చుకోకపోవడం వల్ల, అత్యవసర వేళ వారి గురించి చెప్పడానికి తగిన సమాచారమే లేకపోయింది.

ఫ్లూ టీకాకు ఆ సాకు కూడా లేదు. గర్భిణులకు దానిలో అగ్ర ప్రాధాన్యం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది, మన ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫాగ్సీ కూడా సిఫారసు చేస్తోంది. ఆరు నెలలలోపు పసిబిడ్డకు ఈ టీకా వేయరు, కాబట్టి తల్లి నుంచి అందే, రోగాన్ని ఎదుర్కొనే ప్రతిరక్షకాలే ఆ బిడ్డకు రక్షణ. అయినా ప్రభుత్వ ఆసుపత్రిలో ధనుర్వాతం సూది ఉచితంగా వేస్తారు గానీ, ఫ్లూ టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు. స్తోమత ఉన్నవారు బయట కొనుక్కోవాలి. గర్భిణుల కోసం 102 నంబరు వాహనాలు నడుపుతున్న మన రెండు రాష్ట్రాలు ఈ ఒక్క సూది ఖర్చు భరించలేవా? వానాకాలం జ్వరాలు మొదలయ్యేలోపే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దీనిని గర్భిణులకు ఉచితంగా వేయాలి, దాని గురించి ఇంటింటికీ చెప్పే బాధ్యతను ఆశా కార్యకర్తలకు తగిన శిక్షణతో అప్పగించాలి.